టపా గదిలో పసుపుకొమ్ము

గద్వాల చీరల కంపెనీలో సాబిర్ కూర్చునే చోటును అందరూ టపా గది అనేవారు. గది అనడం మర్యాద కోసమే. నూలు గోదాముకూ, సేటు బాలకిష్టయ్య కూర్చునే గద్దెకూ నడుమ మిగిలిపోయిన సందు అది. పైన రేకు, వెనక గోడ, ముందు వీధి వైపు ఒక కిటికీ. కంపెనీకి వచ్చే ఉత్తరాలన్నీ ఆ కిటికీలోంచి లోపలికి వచ్చేవి, గద్వాల చీరలన్నీ ఆ గదిలోంచే లోకం మీదికి పోయేవి. సాబిర్ మాత్రం ఇటు అయిజ, అటు ఏరు దాటితే ఆత్మకూరు, అంతకు మించి కదిలిన మనిషి కాదు. అయినా మద్రాసు ఎట్లా ఉంటుంది, పూనా ఎట్లా ఉంటుంది అని అడిగితే తడుముకోకుండా చెప్పేవాడు. మద్రాసు నుంచి తిరిగొచ్చిన పార్సిల్ ఉప్పు వాసన కొడుతుందట. పూనా వాళ్లు తాడును కొయ్యకుండా ముడి విప్పుతారట, కాబట్టి అక్కడి ఆడవాళ్లు ఇల్లు బాగా దిద్దుకుంటారట. కాదనడానికి పూనా చూసినవాళ్లు గద్వాలలో ఎవరున్నారు?

అతని పనితనం చూడాలంటే పార్సిల్ కుట్టేటప్పుడు చూడాలి. చీరను మైనపు గుడ్డలో చుట్టి, దాని మీద ముతక గుడ్డ తొడిగి, దబ్బనంలో పురికొస ఎక్కించి, బిస్మిల్లా అని మొదటి కుట్టు వేసేవాడు. ఆ తర్వాత చెయ్యి ఆగేది కాదు, నోరూ ఆగేది కాదు. మంచి ఇంటికి పోతున్నావు, తోవలో తడవకు, ఎలుకలున్న బండిలో ఎక్కకు అని పార్సిల్‌కు బుద్ధులు చెప్పేవాడు. చివరన లక్క కరిగించి ముడుల మీద బొట్లు బొట్లుగా పోసి కంపెనీ ముద్ర గుద్దేవాడు. ఏళ్ల తరబడి కాలే లక్కతో పని చేసి చేసి వేళ్లు మొద్దుబారాయి. ఆ వేళ్లను భార్య మెహబూబీ వదిలిపెట్టలేదు. పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, పెనం మీది రొట్టెలు అతని చేతనే తీయించేది.

కంపెనీకి చీరలు నేసే ఇళ్లలో ఎల్లయ్య ఇల్లు ఒకటి. ఆ ఇంట్లో ఒక ఆచారం ఉండేది. చీర మగ్గం దిగిందంటే ఆడపిల్ల ఇల్లు దాటుతున్నట్టే. ఆడపిల్లను వట్టి ఒడితో పంపరు కదా. అందుకని ఎల్లయ్య భార్య అనంతమ్మ చీర మడిచేటప్పుడు కొంగు మడతలో ఒక పసుపుకొమ్ము పెట్టి, దాన్ని పట్టుపోగుతో ముడి వేసేది. సాబిర్‌కు అది మొదట వింతగా తోచింది. కొన్నాళ్లకు, కొమ్ము లేని చీరను కుట్టాలంటే అతనికే చేతులు రాకపోయేవి. మిగతా మగ్గాల చీరలకు కూడా పెట్టమని అనంతమ్మను అడిగాడు. బేస్తవారం పార్సిళ్లు కట్టే రోజు. ఆ రోజు ఆమె దోసెడు కొమ్ములు తెచ్చి టపా గదిలో కూర్చుని ఒక్కొక్క చీరకూ పెట్టిపోయేది. గద్దె మీద కూర్చున్న బాలకిష్టయ్యకు లాభనష్టాలు తప్ప కొమ్ములు కనపడేవి కావు.

ఇంతలో జ్వరాలొచ్చిన ఏడాది ఎల్లయ్య పోయాడు. కర్మలన్నీ అయ్యాక అనంతమ్మ ఆయన మగ్గంలోకి దిగి తానే నేసి, మొదటి చీర తెచ్చి సాబిర్ ముందు పెట్టింది. నుదుట బొట్టు లేదు, చేతులకు గాజులు లేవు, చీర కొంగులో పసుపు లేదు. భర్త పోయిన ఆడది పసుపు ముట్టి ఇంకొకరికి ఇస్తే అరిష్టమని లోకం అంటుంది. ఆ లోకంలోనే ఆమె బతకాలి. కొమ్ములున్న మూటను కిటికీ మీద పెట్టి, ఇవి తెచ్చాను గాని ఇక నువ్వే పెట్టుకోవాలని మెల్లగా చెప్పింది.

సాబిర్ మూట వైపు చూశాడు. ఆమె వేళ్ల వైపు చూశాడు. ఆ వేళ్లు అప్పుడే పట్టుపోగును వెతుక్కుంటున్నాయి.

"నాకు ముడి వెయ్య రాదు చెల్లె," అన్నాడు. దేశమంతటికీ ముడులు వేసి పంపిన మనిషి ఆ మాట అన్నాడు. "నువ్వే పెట్టు. నేను గోడ దిక్కు తిరుగుత. నేను చూడలే, నువ్వు పెట్టలే."

అని నిజంగానే గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. అనంతమ్మ మూట విప్పింది. తర్వాత పట్టుపోగు బిగిసిన చిన్న చప్పుడు వినపడింది. ఆనాటి నుంచి ప్రతి బేస్తవారం అదే వరస. ఆమె మూట విప్పేది, సాబిర్ గోడను చూసేవాడు. ఆ గోడ మీది పెచ్చులు అతనికి ఇంటిదారి కంటే బాగా తెలిశాయి.

అట్లా ఏళ్లు గడిచాయి. గద్వాల చీర విప్పితే పసుపుకొమ్ము ఉంటుందని కొన్నవాళ్లకు అలవాటైపోయింది. కొందరు దాన్ని దేవుడి గూట్లో పెట్టుకునేవారట, కొందరు పెండ్లికూతురి కొంగున కట్టేవారట. ఈ మాటలన్నీ రైలు దిగినవాళ్ల నోట సాబిర్ కిటికీ దాకా వచ్చి, అక్కడి నుంచి బేస్తవారం అనంతమ్మకు చేరేవి. ఆమె వింటూ కొమ్ములు కట్టేది. ఆ రోజు మాత్రం ఇంకొంచెం సేపు కూర్చునేది.

యుద్ధం వచ్చింది. బొంబాయి నుంచి మైనపు గుడ్డ రావడం ఆగింది. ఆ వానకాలం సాబిర్ ముతక గుడ్డనే రెండు పొరలు చుట్టి, అల్లా మీద భారం వేసి పంపుతున్నాడు. ఒక పార్సిల్ తోవలో తడిసింది. పెండ్లికని తెప్పించుకున్న పాలరంగు చీర అది. విప్పేసరికి కొమ్ము నాని, కొంగు మీద అరచేతి వెడల్పున పసుపు మరక దిగి ఉంది. కొన్నవాళ్లు మండిపడి చీరను తిప్పి పంపారు.

బాలకిష్టయ్య ఆ చీరను గద్దె మీద పరిచి అందరినీ పిలిచాడు. అతను చెడ్డవాడు కాదు. కోపం వస్తే చెవులు పనిచేయవు, అంతే. పట్టుపోగు ముడితో ఉన్న కొమ్మును ఎత్తి పట్టుకుని, ఇది ఎవరి పని అని అడిగాడు. కంపెనీ గుమాస్తా కురుమూర్తి చీర మూలకు కుట్టిన చీటీ తిప్పి చూసి, అనంతమ్మ మగ్గం అన్నాడు.

బాలకిష్టయ్య ముఖంలో కోపం పోయి భయం వచ్చింది. "అనంతమ్మనా? పెండ్లి చీరలకు ఆమె చేతి పసుపు..."

ఆ మాట పూర్తయితే ఏమవుతుందో సాబిర్‌కు తెలుసు. ఆమె నేసిన చీరను ఇక ఏ కంపెనీ ముట్టదు. ఇద్దరు పిల్లల తిండి ఆ మగ్గం మీదే నడుస్తోంది.

"నేనే పెట్టిన సేట్," అన్నాడు. "అన్నిట్ల నేనే పెడుతున్న."

సాయిబుకు పసుపుతో ఏం పని అని సేటు తిట్టాడు. పేరంటాలు కూడా పెడుతున్నావా అని ఎగతాళి చేశాడు. సాబిర్ తల వంచుకుని అన్నీ విన్నాడు. లోకం తీరే అంత. సాబిర్ పెడితే తెలివితక్కువతనం, అనంతమ్మ పెడితే అరిష్టం. తెలివితక్కువతనానికి శిక్ష ఉంటుంది, అరిష్టానికి క్షమాపణ ఉండదు. సాబిర్‌ను టపా గది నుంచి తీసి గోదాములో నూలు బేళ్లు మోసే పనికి వేశారు. టపా గది కురుమూర్తికి అప్పగించారు. కొమ్ము అన్నది ఇక కనపడకూడదని హుకుం.

అనంతమ్మ ఆ సాయంత్రమే సాబిర్ ఇంటికి వచ్చి, సేటుకు నిజం చెప్పేస్తానంది. మెహబూబీ ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చింది. ఈయనకు నడుము నొప్పి అయితే నూనె రాసి తగ్గిస్తాను, నీ మగ్గం ఆగితే దేనితో రాయను అని అడిగింది. అనంతమ్మ నీళ్లు తాగి తన మగ్గం దగ్గరికి తిరిగి పోయింది.

నడుము నొప్పిని సాబిర్ ఓర్చుకున్నాడు. చేతులు ఖాళీగా ఉండడాన్ని ఓర్చుకోలేకపోయాడు. దబ్బనం ఇంటికి తెచ్చుకుని ఇంట్లో బొంతలన్నీ కుట్టాడు. తర్వాత పక్కింటి బొంతలు కుట్టాడు. దిండు కుడితే అది అచ్చం పార్సిల్ లాగే ఉండేది. ముద్ర ఒక్కటే తక్కువ, తెల్లారితే ఏ రైలెక్కి పోతుందో అని మెహబూబీ నవ్వేది. కాని రాత్రిళ్లు అతను పక్కకు తిరిగి పడుకుంటే, ఏ గోడను చూస్తున్నాడో ఆమెకు తెలిసేది.

బాలకిష్టయ్య కూతురు చిన్నమ్మను కర్నూలుకు ఇచ్చారు. రెండు కాన్పులు నిలవలేదు. ఇప్పుడు మళ్లీ నెలలు నిండుతున్నాయి. తల్లి రామేశ్వరమ్మ చీర, ఒడిబియ్యం తీసుకుని వెళ్లాల్సిన సమయానికి వానకు వాకిట్లో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. చేసేది లేక, కంపెనీలోంచి మంచి చీర ఒకటి పార్సిల్ చేయించమని భర్తకు చెప్పింది. గద్వాల చీర కదా, కొమ్ము ఎట్లాగూ ఉంటుందని ఆమె ధీమా. కురుమూర్తి హుకుం ప్రకారం శుభ్రంగా కట్టి పంపాడు. కర్నూలులో చిన్నమ్మ చీర విప్పి, మడత మడతా వెతికి, అమ్మ నాకు ఉత్త చీర పంపిందా అని అన్నం మానేసి ఏడ్చిందట. రైలు దిగిన చుట్టం ఆ సంగతి రామేశ్వరమ్మ చెవిన వేశాడు.

కాలు కదపలేని రామేశ్వరమ్మ ఆ రోజు నోరు కదిపింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు గాని, ఇంట ఓడినవాడు ఎక్కడికి పోవాలో ఎవరూ చెప్పలేదు. బాలకిష్టయ్య గోదాముకు పోయాడు. నూలు బేళ్ల నడుమ నిలబడి, తల పక్కకు తిప్పుకుని అన్నాడు.

"బిడ్డకు ఇంకొక చీర పంపాలె సాబిరూ. పోయి నీ గదిల కూసో. జర నీ చేతితోనే ఆ కొమ్ము పెట్టు. ఇగ అన్నిట్ల పెట్టు."

తన గదికి పోతున్నానన్న సంతోషం సాబిర్‌కు నాలుగడుగుల దాకే నిలిచింది. నీ చేతితో అన్నాడు సేటు. ఆ చేతితో అతను ఒక్క కొమ్మూ పెట్టి ఎరుగడు. ఇప్పుడు తానే పెట్టేస్తే అడిగేవారు లేరు. కాని ఇన్నేళ్లూ ఆ ఇళ్లకు పోయిన చల్లదనం ఎవరి చేతిదో అతనికి తెలుసు. అది పంపకుండా ఇంకేదో పంపితే చిన్నమ్మను మోసం చేసినట్టే అనిపించింది. చీర చంకన పెట్టుకుని అనంతమ్మ ఇంటికి నడిచాడు.

అనంతమ్మ మగ్గం గుంతలోంచి లేవనైనా లేవలేదు. సాబిర్ వచ్చిన పని వినగానే చేతులు వెనక్కి తీసుకుంది.

"వద్దన్నా. రెండుసార్లు పోగొట్టుకున్న బిడ్డ. ఏమన్నయితే నా చెయ్యే అనుకుంట బతకాలె నేను."

సాబిర్ గుంత ఒడ్డున కూర్చున్నాడు. అతనికి శాస్త్రాలు తెలియవు. తెలిసింది టపా ఒక్కటే.

"చూడు చెల్లె. మనం పంపినదాంట్ల ఏం తేడా వచ్చినా వాపసు నా కిటికీకే వస్తది. చినిగితే వచ్చింది, తడిస్తే వచ్చింది. నీ కొమ్ము పోయిన ఇంట్లకెల్లి ఒక్క చెడ్డ కబురు రాలే. వస్తే ముందు నాకే తెలుస్తుండె."

అనంతమ్మ అతని ముఖం చూసింది. కండ్లనీళ్లు తుడుచుకుని, చెయ్యి కడుక్కుని వచ్చింది. సాబిర్ లేచి ఆమె ఇంటి గోడ వైపు తిరిగాడు. ఈసారి కొమ్ము తడిసి మరక కాకుండా, దాన్ని ముందే కరిగిన లక్కలో ముంచి ఆరబెట్టి తెచ్చాడు. అంతకు ముందు ఆ ఉపాయం ఎందుకు తట్టలేదని తనను తాను తిట్టుకున్నాడు. ఆ పార్సిల్ కుట్టేటప్పుడు మాత్రం బిస్మిల్లా తప్ప ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ తర్వాతి రోజులు అతనికి నరకం. రైలు కూత వినపడితే దబ్బనం పక్కన పెట్టేవాడు. కిటికీలో ఎవరి నీడ పడినా కర్నూలు మనిషేనేమో అనిపించేది. అనంతమ్మ బేస్తవారాలు వచ్చి కూర్చునేది గాని మూట విప్పేది కాదు. కబురు వచ్చాకే అనేది. కబురు చివరికి సేటు ఇంటికే ముందు వచ్చింది. చిన్నమ్మకు కొడుకు, తల్లీబిడ్డా చల్లగా ఉన్నారు. బాలకిష్టయ్య కంపెనీ అందరికీ బెల్లం పంచి, సాబిర్ దోసిట్లో రెండుసార్లు పోశాడు. సాబిర్ అందులో సగం గుడ్డలో కట్టి దాచాడు.

ఆ బేస్తవారం బెల్లం మూట అనంతమ్మ ముందు పెట్టాడు. ఆమె నోట్లో ఒక ముక్క వేసుకుని, చాలా రోజుల తర్వాత కొమ్ముల మూట విప్పింది. సాబిర్ గోడ వైపు తిరగబోతున్నాడు. సరిగ్గా అప్పుడు, కాలు అతికి కర్ర ఊతంతో నడుస్తూ, రామేశ్వరమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

అనంతమ్మ చేతిలో కొమ్ము ఉంది. చేతి కింద ఎవరిదో పెండ్లి చీర ఉంది. దాచడానికి ఆ సందులో చోటు లేదు.

"అమ్మా, అది నేనే..." అని సాబిర్ అడ్డం రాబోయాడు.

"నువ్వు జర ఆగు," అంది రామేశ్వరమ్మ. కొమ్మును చూసింది, దాని చుట్టూ ఉన్న పట్టుపోగు ముడిని చూసింది. కాన్పయ్యాక కర్నూలు నుంచి కూతురు తల్లికి గుర్తుగా పంపిన లక్క కొమ్ముకు కూడా అదే ముడి. పుట్టినప్పటి నుంచి నేర్చుకున్నదంతా ఆమె కండ్లలో తిరిగినట్టే ఉంది. తర్వాత కర్రను గోడకు ఆనించి, బొట్టు లేని ఆ మనిషి ముందు తన కొంగు పట్టింది.

"మనుమడు ఊగే తొట్టెలకు కట్టాలె. నీ చేతితో ఒకటి వెయ్యి అనంతమ్మా."

అనంతమ్మ చెయ్యి చాచింది. కొమ్ము కొంగులో పడింది.

సాబిర్ గోడ వైపు తిరిగాడు. కళ్లు తుడుచుకోవడానికి ఆ గదిలో వేరే చోటు లేదు.