కేక వేసే లెక్క

సీ మోంజీ, అంటే మోంజీ గారి, ఉద్యోగం పోవడానికి కారణం నేను. ఆయన తప్పేమీ లేదని ఆ రోజు ఆఫీసు గదిలో ఆయన కాక నా ఒక్కడికే తెలుసు. అయినా అబద్ధమాడాను.

ట్యునీషియా రేవు పట్టణం స్ఫాక్స్‌లో మా కంపెనీ చేపల పడవలకు పెట్టెలు తయారుచేస్తుంది. పడవ ఎక్కడుందో అవి రేవుకు చెబుతుంటాయి. వాటిలో అన్నిటికంటే అడుగున నడిచే ప్రోగ్రాం, కెర్నెల్, దాని పని మాది. యాభై ఆరేళ్ల మోంజీ ఒకప్పుడు కరెంటు మీటర్లు బాగుచేసేవాడు. సొంతంగా చదువుకుని ఈ పనిలోకి వచ్చాడు. నేనూ బడి మధ్యలో వదిలినవాణ్ణే. డిప్లొమా లేనివాళ్లం మేమిద్దరమే. మిగతావాళ్లు మమ్మల్ని మెకానిక్కులు అనేవాళ్లు. ఆయన నవ్వేవాడు. నాకు ఒళ్లు మండేది.

కెర్నెల్‌లో ఒక మెమరీ ముక్కను ఎంతమంది పట్టుకున్నారో ఒక లెక్క ఉంటుంది. పట్టుకున్నవాడు ఒకటి కలపాలి, వదిలినవాడు ఒకటి తీసేయాలి. సున్నా అయితే ముక్క ఖాళీ, ఇంకెవరికైనా ఇచ్చేయవచ్చు. సిగ్నల్ పరికరాన్ని నడిపే ప్రోగ్రాం, డ్రైవర్, నేను రాసిందే; అందులో ఆ లెక్కకు మామూలు అంకె వాడాను. మోంజీ దాన్ని తీసి, భద్రమైన రకం పెట్టాడు. అది సున్నా కిందికి దిగితే హెచ్చరిక రాస్తుంది.

"మామూలు అంకె మర్యాదస్తుడురా వజ్దీ. ఇల్లు తగలబడుతున్నా తలుపు తట్టడు. ఇది మా అత్తగారి లాంటిది, వీధి వీధంతా లేపుతుంది," అన్నాడు.

వారం తరువాత రేవు అధికారుల ముందు పన్నెండు పెట్టెలు పెట్టాం. హెచ్చరిక వస్తే ఆగిపోవాలని వాటికి ముందే చెప్పి ఉంచాం. సిగ్నల్ తెంపి చూపించగానే పన్నెండూ ఆగిపోయాయి.

అధికారులు వెళ్లిపోయాక మా పెద్ద సారు లస్సాద్ మోంజీ మీద అరిచాడు. "నువ్వు చెయ్యి పెట్టకముందు బాగానే ఉన్నాయి కదయ్యా!"

"జబ్బు ముందునుంచీ ఉంది సార్. ఇప్పుడు మూలుగుతోంది, అంతే."

"వజ్దీ, డ్రైవర్ నీది. నువ్వేమంటావ్?"

తప్పు నా కోడ్‌లో ఏ వరసలో ఉందో అప్పటికే నాకు తెలిసిపోయింది. సిగ్నల్ తెగినప్పుడు నేను లెక్కలోంచి ఒకసారికి బదులు రెండుసార్లు తీసేశాను.

"నా వైపు ఏమీ లేదు సార్," అన్నాను.

మోంజీ నావైపు చూడలేదు. ఆయన పెట్టిన లెక్కను తీసేయించి, ఆ నెలాఖరున ఆయన ఒప్పందం పొడిగించలేదు.

ఆయన వెళ్లిన మూడు వారాలకు ఆ అదనపు వరస తీసేశాను. మార్పుల చిట్టాలో 'చిన్న శుభ్రత' అని రాసిపెట్టాను. ఇంకొన్నాళ్లకు ఆయన ఎంచుకున్న లెక్కనే నా పేరుతో తిరిగి పెట్టాను. లస్సాద్ భుజం తట్టాడు. ఆ చెయ్యి పడినచోట ఇప్పటికీ నాకు కంపరం.

పాత ఊరి గోడ ద్వారం బాబ్ జబ్లీ దగ్గర ఆయన ఫోన్లు బాగుచేస్తున్నాడని తెలిసి వెళ్లాను. మొత్తం చెప్పాను. ఆయన స్క్రూలు విప్పుతూనే విన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"సముద్రంలో ఉన్న పాత పెట్టెల్లో మార్చారా?" అని మాత్రం అడిగాడు.

"అన్నిట్లోనూ మార్చాం, సీ మోంజీ."

ఆయన తల ఊపాడు. నేను లేచాను. ఆ తరువాత మేం కలవలేదు. ఆయన పిలిచిన చోటికి వెళ్లడానికి నాకు ముఖం చెల్లలేదు. ఆ రోజు ఆయన చివరగా అన్నది ఇది:

"నాకెందుకు చెప్తావురా, నాకు తెలిసిందే కదా. మా ఆవిడ నజీహా మాత్రం నేనే ఏదో చెడగొట్టి వచ్చాననుకుంటోంది, నేను కాదన్నా నమ్మదు. శుక్రవారం చేప వేసి కుస్కుస్ వండుతుంది. భోజనానికి రా, ఆమెకి చెప్పు."