నవారు మంచం మీద స్ప్రింగు పరుపు

ఆ రోజుల్లో నా ఉద్యోగానికీ నా నడుముకూ ఒక పోటీ నడుస్తుండేది, రెండింటిలో ఏది ముందు పోతుందా అని. కర్నూలులో ఒక పత్రిక డెస్కులో చేరి అయిదు నెలలు దాటింది. శిక్షణ కాలం ముగియడానికి ఇంకా మూడు వారాలు ఉన్నాయి. ఆ తరువాత ఉంచుతారో పంపుతారో చెప్పాల్సింది మా డెస్కు పెద్దాయన. నా రాత మీద ఆయనకు ఫిర్యాదు లేదు (ఉంటే దాచుకునే మనిషి కాదు). ఫిర్యాదంతా నేను కూర్చోవడం మీదే. గంటకోసారి లేచి, రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని, నెలలు నిండిన గర్భిణిలా వరండాలో అటూ ఇటూ తిరిగేవాణ్ణి. ఒకరోజు ఆయన కళ్లజోడు పైనుంచి చూసి, "ఏమప్పా, రాసేది బాగానే రాస్తాండావు. కూచోలేనోడివి డెస్కుకు యాడ పనికొస్తావు?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ నవ్వు నాకు ఊరి బస్సు హారన్‌లా వినిపించింది.

డాక్టరు నా వీపును వేళ్లతో మీటి చూసి, "ఏం పరుపు మీద పండుకుంటావు?" అని అడిగాడు. దూది పరుపన్నాను. అది పేరుకే పరుపు. లోపలి దూది ఉండలు కట్టి, ఓర్వకల్లు రాళ్లగుట్టలను చిన్నవి చేసి గుడ్డలో కుట్టినట్టుండేది. "దాన్ని తీసేసి గట్టి పరుపు వేసుకో" అన్నాడాయన. పరుపు కింద మంచం సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. అక్కడే ఉంది తిరకాసంతా.

ఆ మంచం కడప జిల్లా వేంపల్లెలోని మా మేనత్తది. నాకు ఉద్యోగం వచ్చిందని తెలియగానే తెలిసిన లారీకి ఎక్కించి పంపించింది. పోయిన మా మామ తన చేత్తో అల్లిన నవారు మంచం. అందుకని మా ఇళ్లలో దాని గురించి మంచంలా కాక మనిషిలా మాట్లాడేవారు. "బాగుండాడా మీ మామ మంచం?" అని ఫోనులో అడిగేది అత్త. బాగున్నాడు అత్తా అనేవాణ్ణి.

పరుపు కొనాలన్నానో లేదో, మర్నాడే బస్సెక్కి వచ్చేసింది. "నువ్వు పేపరోడివి, నిన్ను చూస్తానే రేటు పెంచుతారు. నేనొస్తా పద" అంది. (పేపరోడంటే రేటు తగ్గిస్తారని నేను అప్పటిదాకా రహస్యంగా ఆశపడుతుండేవాణ్ణి.) నా జేబుకు తగినట్టు, గట్టిగా, పదేళ్లు మన్నేలా ఒక స్ప్రింగు పరుపు కావాలి. పెద్ద షోరూముల వైపు పోకుండా పాతబస్తీలో ఒక భాయ్ దుకాణానికి వెళ్లాం. తాతల కాలం నుంచి పరుపులు కుట్టే ఇల్లట వాళ్లది. స్ప్రింగులు ఎలా ఉంటాయో చూపించడానికి ఒక పరుపును కేకులా అడ్డంగా కోసి గుమ్మంలో నిలబెట్టాడు.

మా వైపు జనం పరుపు కొనేటప్పుడు దాని మీద పడుకోరు. అరచేత్తో నొక్కుతారు, పిడికిలితో గుద్దుతారు, మరీ తెగించినవాళ్లు మోకాలు ఆనిస్తారు. నేనూ అలాగే మూడు నాలుగు పరుపుల మీద పిడికిలి ఆడించి తెలిసినవాడిలా తలూపాను. "పండుకోని చూడు సార్" అన్నాడు భాయ్. బజారులో, నలుగురు చూస్తుండగా ఎలా పడుకోవడం? నేను నీళ్లు నములుతుంటే అత్త తన మరచెంబు తీసింది. ప్రయాణానికని తెచ్చుకున్న నీళ్లు అందులో నిండుగా ఉన్నాయి. మూత తిప్పి తీసి, చెంబును ఒక పరుపు నడిమధ్యన పెట్టి, పక్కన తాను ధబీమని కూర్చుంది.

భాయ్ గుండె పట్టుకున్నాడు. "అమ్మా, అమ్మా! కొత్త పరుపమ్మా!"

"కొత్తదైతే ఏమప్పా? నేను కూచుంటే ఈ నీళ్లు కిందపడగూడదు. పడినాయంటే పరుపు మెత్తనిదని లెక్క."

నీళ్లు పడ్డాయి. భాయ్ తువ్వాలు తెచ్చి తుడుచుకున్నాడు. రెండో పరుపు మీదా పడ్డాయి. మూడోదాని మీద అత్త కూర్చున్నప్పుడు చెంబులో నీళ్లు అంచుదాకా వచ్చి, కాసేపు ఆలోచించి, వెనక్కి వెళ్లిపోయాయి. చుట్టూ మూగిన వాళ్లలో ఎవరో "సెబాష్" అన్నారు. అదే తీసుకున్నాం. బేరం సంగతి రాయను. ఆ తువ్వాలుతోనే భాయ్ చివరికి ముఖం కూడా తుడుచుకున్నాడని మాత్రం చెబుతాను.

ఇంటికి తెచ్చి నవారు మంచం మీద వేశాం. ప్లాస్టిక్ కవరు తీయబోతే అత్త చెయ్యి పట్టుకుంది. "తీస్తే మాసిపోదా? ఉండనీ." ఉండనిచ్చాను. మర్నాడు ఉదయం లేచేసరికి (లేచాననడం అతిశయోక్తి, అత్త లేపింది) నేను మధ్యలోకి మడిచిన పేపరులా ఉన్నాను. తల ఒకవైపు, కాళ్లు ఒకవైపు, నడుము పాతాళంలో. చెమటకు ప్లాస్టిక్ వీపుకు అతుక్కుంది. దూది పరుపే నయమనిపించింది.

"మోసం చేసినాడు! దుకాణంలో గట్టిగా ఉండె, ఇంటికొచ్చేసరికి మెత్తగయిపాయ. మార్చి ఇచ్చినాడు!" అని అత్త తేల్చేసింది. నాకూ అదే నిజమనిపించింది. ఉదయం డ్యూటీకి వెళ్తూనే, నిలబడే, ఒక వార్త రాసేశాను. పాఠకుల ఫిర్యాదుల శీర్షికకు. అమాయక కొనుగోలుదారులు, నిలువు దోపిడీ, అధికారుల నిద్ర, ఏదీ వదల్లేదు. దుకాణం పేరు, వీధి పేరు కూడా పెట్టాను.

పెద్దాయన నిదానంగా చదివాడు. ఎర్ర ఇంకు పెన్ను తీసి కింద రెండు మాటలు రాసి కాగితం నా వైపు తోశాడు: ఆయన ఏమన్నాడు?

"ఎవరు సార్?"

"దుకాణమాయన. అడిగినావా?"

అడగలేదు.

"సాయంత్రం ఆరుకు పేజీ కడతాం. ఈ లోపల పోయి అడిగిరా. ఒకని అన్నం మీద రాస్తాండావప్పా. అడక్కుండా రాసేటోడు నాకొద్దు. నడుము నొప్పికైనా మందుండాది, దీనికి లేదు."

దుకాణానికి వెళ్లి జరిగింది చెప్పాను. భాయ్ అంతా విని, కోప్పడకుండా, "పద సార్, చూద్దాం" అని మోపెడ్ తీశాడు. గదిలోకి రాగానే నన్ను పరుపు మీద పడుకోమని, నా బరువుకు జోలెలా దిగిన నవారును కిందనుంచి చెయ్యి పెట్టి తడిమాడు. సంగతి తెలిసిపోయినట్టు ఆయన ముఖంలోనే కనిపించింది. నోరు తెరవబోయాడు.

సరిగ్గా అప్పుడే అత్త అంది, "ఆ నవారు మా ఆయన అల్లినాడప్పా. పోయి తొమ్మిదేండ్లు. ఒక్క పట్టీ తెగలేదు చూడు."

భాయ్ నోరు మూసుకున్నాడు. నవారు మీద అరచెయ్యి ఆనించి అల్లిక వెంట నడిపించాడు. "శానా బాగా అల్లినాడమ్మా" అన్నాడు. తరువాత నా వైపు తిరిగి, "ఒక్క పది నిమిషాలు, పరుపు కింద దించుదాం" అన్నాడు.

"కొత్త పరుపు నేల మీద యాడన్నా వేస్తారా?" అని అత్త గొణిగింది గానీ అడ్డు రాలేదు. కవరు కూడా ఊడదీసి, బండల నేల మీద పరిచాం. పడుకున్నాను. ఆర్నెల్లుగా నా మాట వినని వెన్నెముక ఎముకా ఎముకా సర్దుకుని తిన్నగా అయింది. పైకి రాలేదు, లోపలికి పోలేదు. నాకు ఏడుపొచ్చినంత పనయింది. లేవమంటే లేవలేదు, ఈసారి లేవాలని లేక.

అత్త నన్ను పక్కకు జరిపి తానూ వాలింది. "ఇదేందప్పా, గట్టిగానే ఉండాదే! నిన్న మెత్తగా ఎందుకుండె మరి?"

మంచం మీదికి తప్పు నెట్టొద్దన్నట్టు నేను భాయ్ వైపు చూశాను. భాయ్ చాలా ఆలోచించి చెప్పాడు. "అమ్మా, మీ మంచం మనిషిని ఎత్తుకునే మంచం. మా పరుపు మొద్దుది, ఎత్తుకుంటే దానికి పడదు. దానికి కింద రాయి ఉండాల. ఇటికెలు పేర్చి పైన రెండు కడప బండలు వేసుకోండి, చాలు."

"కడప బండలా?" అత్త లేచి కూర్చుంది. ముఖం వెలిగిపోయింది. "చూసినావా? మీ కర్నూలు పరుపుకు ఆఖరికి మా కడప బండే దిక్కాయ!"

అంతే, పరువు దక్కింది: మంచానికి, మామకు, జిల్లాకు. ఇంటి యజమాని పెరట్లో మిగిలిపోయిన బండలు పడి ఉంటే అడిగి తెచ్చుకున్నాం. నేను ఆరింటికి పావుగంట ముందు ఆఫీసులో ఉన్నాను.

"ఏమన్నాడు?" అన్నాడు పెద్దాయన.

"వార్త లేదు సార్. తప్పు పరుపుది కాదు, మంచానిది. ఇంకా చెప్పాలంటే, నాది."

ఆయన ఆ కాగితం తిరిగి నా చేతిలో పెట్టి, "చింపొద్దు, దాచుకో. పో, కూచో" అన్నాడు. మూడు వారాల తరువాత కూడా "పో, కూచో" అనే అన్నాడు, ఈసారి ఉద్యోగం ఖాయం చేస్తూ. అప్పటికి నేను పూటంతా లేవకుండా కూర్చుంటున్నాను. మంచం మళ్లీ లారీ ఎక్కి వేంపల్లె చేరింది. అత్త బతికినన్నాళ్లూ దాని మీదే పడుకుంది. ఆ మంచానికి సరితూగే పరుపు కర్నూలులో దొరకలేదని ఊరంతా చెప్పింది.

ఆ పరుపు పదేళ్లనుకుంటే ఇంకా ఎక్కువే మన్నింది. మొన్న దాన్ని మార్చేటప్పుడు కింద బండ మీద ఆ కాగితం కనిపించింది. దాచుకోమన్నాడు కదా అని అప్పట్లో అక్కడే పెట్టి, మరిచిపోయాను. ఎర్ర ఇంకు కొద్దిగా వెలిసింది. కూర్చుని మొత్తం చదివాను. వాక్యాలు చక్కగా ఉన్నాయి, ఒక్క అక్షరం తప్పు లేదు, ఎక్కడా తడబాటు లేదు. ఒక్కటంటే ఒక్కటి నిజం లేదు, అంతే. ఇరవై మూడేళ్ల ఆ కుర్రవాడు నడుం వంగిపోయి నిలబడి కూడా, ఆ పరుపుకన్నా ఎంత గట్టిగా రాశాడో! అచ్చు కానందుకు ఇన్నేళ్ల తరువాత మరోసారి ఊపిరి పీల్చుకుని, దాన్ని తీసి కొత్త పరుపు కింద పెట్టాను.