చెరుకు ఆకు చెప్పాల్సిన సాక్ష్యం: బోధన్ దారిలో ఒక పగలు

తప్పు మీది. చాయ్‌లో మూడు చెంచాల చక్కెర వేసుకుంటారు. అది ఏ మంట మీద ఉడికిందో, ఆ మంట పక్కన ఎవరి ఇల్లుందో ఏనాడూ అడగలేదు. అడగండి అంటే "పొగ ఎక్కడ లేదండీ" అంటారు. ఏ పొగ? చెరుకు పిప్పి పొగా, బొగ్గు పొగా? ఆ తేడా తేల్చడానికే ఈ మార్చిలో నేను బోధన్ పోయాను. మీరూ పోవాలి. అందుకే దారి సహా రాస్తున్నాను.

నిజామాబాద్ స్టేషన్‌లో తెల్లవారి దిగి, బస్టాండ్ ఎదుట చాయ్ తాగి, ఏడు గంటల బోధన్ బస్సు ఎక్కాను. టికెట్టు రూపాయి చిల్లర. పసుపు బస్తాల మధ్య నిలబడే పోవాలి. గంటంబావుకు బోధన్ చేరుతుంది. అక్కడినుంచి కాలువ గట్టు మీదుగా మూడు మైళ్లు టాంగా, రెండు రూపాయలు. టాంగా మహబూబ్‌ది. చెరుకు ఆకు కోసం వచ్చానంటే గుర్రాన్ని వదిలి నావైపు తిరిగాడు.

"చెరుకు కోసం వచ్చెటోళ్లను సూసిన సారూ. ఆకు కోసం వచ్చినోన్ని నిన్నే సూస్తున్న. మేకలేమన్న పెంచుతున్నవా?"

"ఆకుతో సాక్ష్యం చెప్పిస్తా."

"మంచిగనే ఉన్నది. మనుషులు జెప్తే ఇనరు గదా, ఆకు జెప్తే ఇంటరేమో."

నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

మేం పోతున్న ఊరి చివర ఒక ప్రైవేటు ఖండసారి మిల్లుంది, నాటు చక్కెర తీసేది. పిప్పి మాత్రమే కాలుస్తామని రాసిచ్చి అనుమతి తెచ్చుకుంది. పిప్పి చాలనప్పుడు బొగ్గు వేస్తుందని ఊరంతా చెబుతుంది. తనిఖీకి వచ్చిన అధికారికి మాత్రం పిప్పి కుప్పే కనిపిస్తుంది. మిల్లు గోడను ఆనుకుని గంగవ్వ, సాయిలు దంపతుల ఎకరం చెరుకు, రెండు గదుల ఇల్లు. సాయిలుకు నాలుగేళ్లుగా ఊపిరి ఆడటం లేదు. బెల్లం పొయ్యి పొగలాంటిదే ఇదీ అని వాళ్లు పెట్టుకున్న అర్జీని అధికారులు పక్కన పెట్టేశారు. మళ్లీ విచారణ ఈ నెలాఖరుకు.

బొంబాయిలో ఒక ప్రయోగశాలలో పనిచేసే మిత్రుడు నాకు దారి చెప్పాడు. గాలిలో రేడియోకార్బన్ అనేది రవ్వంత ఉంటుంది. మొక్క గాలిని తిని ఆకు కడుతుంది కనుక ఆకులోనూ ఉంటుంది. పిప్పి నిన్నటి మొక్కే, దాని పొగలోనూ ఉంటుంది. కోట్ల ఏళ్లు నేల కింద పడి ఉన్న బొగ్గులో మాత్రం అది ఎప్పుడో చచ్చిపోయింది. బొగ్గు పొగ మింగి పెరిగిన ఆకులో దాని వాటా తగ్గుతుంది. పెద్ద దేశాలు మొన్నమొన్నటిదాకా ఆకాశంలో పేల్చిన బాంబులు గాలి లెక్కను ఏటేటా మార్చేశాయి కాబట్టి ఒకే కాలపు ఆకులనే పోల్చాలి. పోల్చడానికి మిల్లు పొగ తగలని దూరపు ఆకుగా, నదుల సంగమం దగ్గరి కందకుర్తి చెరుకును ముందే తెప్పించి పెట్టుకున్నాను. మిల్లు పక్క ఆకు ఒక సంచి నిండా కోసి ఉంచమని గంగవ్వకు ఉత్తరం రాశాను.

పదింటికి వాళ్ల వాకిట్లో దిగాను. చేను ఖాళీ. చెరుకు కొట్టేసి, అందరిలాగే చెత్త కాల్చేశారు. మిల్లు బట్టీ కూడా వారం కిందే ఆగింది. గోడకు ఆనుకుని కూర్చున్న సాయిలు చెయ్యెత్తాడు, మాట రావడానికి కొంతసేపు పట్టింది. గంగవ్వ లోపలినుంచి సంచి తెచ్చి పెళ్లి చీరలా నా ముందు పెట్టింది.

"ఒక్క పురుగు ముట్టలే సారూ. నువ్వు రాసినట్టే పైలంగ పెట్టిన."

మూతి విప్పాను. గుప్పుమని కిరసనాయిలు వాసన.

"ఇదేంది గంగవ్వా?"

"గ్యాస్ నూనె. సెద పట్టకుండ సల్లిన. ఇత్తనాలకు గిట్లనే జేస్తం గదా."

చెద పట్టకుండా చూడమని రాసింది నేనే. ఏం చల్లకూడదో రాయలేదు. కిరసనాయిలూ నేల కిందిదే, బొగ్గు తోబుట్టువే, అందులోనూ రేడియోకార్బన్ ఉండదు. ఆ ఆకు ఇప్పుడు ఏ పొగ మింగిందో చెప్పలేదు. చెప్పినా గొంతు చించుకుని బొగ్గు బొగ్గని అరుస్తుంది. ఆ మాట వాళ్లకు చెప్పాను.

సాయిలు కళ్లు మెరిశాయి. "అయితే... గట్లనే పంపు సారూ. బొగ్గు కాల్చింది... అబద్ధమా?"

నాకూ అదే అనిపించింది. దాచను. సంచి మూతి కట్టేశాను కూడా. గంగవ్వ నా చేతిలోంచి లాక్కుంది.

"వద్దు. వాసన సూసినోడు మనల్నే దొంగలంటడు. పొగ వాళ్లది, అబద్ధం మనదైతది. కడిగితే పోదా సారూ?"

"పోయిందని ఎవరూ నమ్మరు. మళ్లీ మొలిచే ఆకు బట్టీ ఆగాక మొలుస్తుంది. వచ్చే సీజన్‌దాకా ఆగాలి."

సాయిలు చాలాసేపు దగ్గాడు. తుడుచుకుని, నన్ను ఓదార్చినట్టు అన్నాడు: "ఆకుకేంది సారూ... మల్ల మొలుస్తది."

గంగవ్వ మొహం తిప్పుకుని సంచిని పెంట కుప్ప మీద బోర్లించింది. మహబూబ్ నన్ను బోధన్ దాకా ఉచితంగా దింపాడు.

సాయంత్రం నాలుగింటి బస్సులో, ఒళ్లో కందకుర్తి ఆకుల మూట పెట్టుకుని తిరిగొచ్చాను. పొద్దున మిమ్మల్ని తిట్టాలనుకున్న తిట్లలో సగం నాకే తగిలాయి. సైన్సును మోసుకొచ్చామనుకుంటాం, అవతలి ఇంట్లో చెదకు ఏం చల్లుతారో అడగం. అంతకన్నా మండేది ఇంకొకటి. నాలుగేళ్లుగా దగ్గుతున్న మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా, ఆకు కోసం వెతుకుతున్నాం.

మీరు పోతే ఇది గుర్తుంచుకోండి: ఆకులు బట్టీ మండుతున్నప్పుడే కోసి, ఎండబెట్టి, ఉతికిన గుడ్డలో కట్టండి. కిరసనాయిలు, పురుగుల మందు దగ్గరికి రానీయకండి. ఈ మాట ఉత్తరంలో కాదు, ఎదురుగా నిలబడి చెప్పండి.

సర్కారుకు మా డిమాండ్లు:

ఏ పొగో తేలేదాకా ఆ మిల్లు బట్టీ రాజెయ్యకూడదు.

రాజేయనిస్తే, ఆకులు అధికారుల ఎదుటే కోసి, సీలు వేసి, సర్కారు ఖర్చుతో పరీక్షకు పంపాలి.

ఆ ఊరికి ఈ వారమే డాక్టరును పంపాలి.

నెలాఖరు విచారణలో సాయిలును నిలబెట్టి, ఆయన దగ్గును సాక్ష్యంగా రాసుకోవాలి. ఆయన మళ్లీ మొలవడు.