వేపాకు ఒక్కటే ఆకు

వేపరెమ్మ కనిపిస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ వెంటనే నీరసం కమ్ముతుంది.

డెబ్బయ్యో దశకం చివర్లో కాశిబుగ్గ దగ్గర ఒక బడిలో జీవశాస్త్రం చెప్పేవాణ్ణి. ఆకులను బట్టి చెట్లను విడదీయడం ఎనిమిదో తరగతి పాఠం: ఒంటి ఆకులవి ఒక కుప్ప, ఒక్క ఆకే చాలా రెబ్బలుగా చీలినవి ఇంకో కుప్ప. ఆకులు తెమ్మంటే పిల్లలు వేపను పుల్ల నుంచి దూసి గుప్పెడు రెబ్బలు తెచ్చేవారు. ఇంట్లో అమ్మవారు పోసినప్పుడు నూరడానికి అలా దూయడమే వాళ్ళకు అలవాటు. వాటిని మామిడి, రావి పక్కన ఒంటి ఆకుల కుప్పలో వేసేవారు. నేను చెట్టు కిందికి తీసుకెళ్ళి కొమ్మ వంచేవాణ్ణి.

"మొగ్గ ఏడుందో చూడుండ్రి, ఈ పుల్ల మొదట్లనే ఉంది, రెబ్బల కాడ లేదు. ఆడికెల్లి మొదలైందంత ఒక్కటే ఆకు. గివన్ని దాని రెబ్బలు."

ప్రతి ఏడూ ఇదే మాట, ఎండలో, గొంతు పోయేదాకా. ఆ ఏడు మగ్గం నేసే ఇంటి అమ్మాయి ఒకతె అందరికంటే ముందు పట్టుకుంది.

ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు ఆమే లేచి వేపను చింత, తుమ్మల కుప్పలో పెట్టింది. మా హెడ్మాస్టరు ఇంగ్లీషు చెప్పే మనిషి. ఊరుకోవచ్చు కదా!

"గిన్ని ఆకులు కండ్ల ముంగట కనబడుతుంటే ఒక్కటే అంటవేందే పిల్లా?"

"మా సార్ చెప్పిండు సార్."

"మీ సార్‌కు అద్దాలు మార్పియ్యాలె."

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. తరగతంతా నవ్వింది. హెడ్మాస్టరు తన చేత్తోనే వేపను మామిడి పక్కకు జరిపాడు. నేను మొగ్గ చూపించబోతే "టైం లేదు సార్, కూసోండ్రి" అన్నాడు.

వార్షిక పరీక్షలో ఆ అమ్మాయి వేపను ఒంటి ఆకుల్లోనే రాసింది. పిలిచి, మొగ్గ సంగతి మరిచిపోయావా అని అడిగాను.

"మర్వలే సార్. పెద్దసార్ కాదన్నడు గద. ఎవ్వరిది రాయాలె మరి?"

ఆ జవాబుకు సున్నా వేశాను. అది నిజానికి ఎవరికి పడాలో నాకు తెలుసు.

ఎనభైల్లో హెడ్మాస్టరు రిటైర్మెంటు సభలో ఆయన పక్కనే కూర్చుని ఆ సంగతి ఎత్తాను. వెళ్ళేముందు తప్పు తనదని పిల్లలకు ఒక్క మాట చెప్పమన్నాను.

"ఏ వేపాకు సారూ? ఆ పిల్ల పెండ్లి గూడ అయి ఉంటది. జర మిక్చర్ తినుండ్రి."

తినలేదు. మర్నాడు ఎనిమిదో తరగతిని చెట్టు కిందికి తీసుకెళ్ళాను. అప్పటికే అందరి గుప్పిట్లోనూ దూసిన రెబ్బలున్నాయి. కొమ్మ వంచాను.