జీడి రాసిన ప్లగ్గులు

నేను ఎవుర్నీ ఊరికే నమ్మను. కొబ్బరికాయ కొన్నా సెవికాడ ఊపి సూడందే తీసుకోను. అలాటిదాన్ని, మా అయ్య పసుపుకుంకాల కింద ఇచ్చిన కొబ్బరితోట అమ్మేసి, టెక్కలిలో ఓ పెద్దింటోళ్లు వాడి వదిలేసిన పాత మోటారు కారు కొననిచ్చేనంటే, అది మా ఆయన మాట మీదున్న నమ్మకం. ఇంక మోటారే నా తోట. అది తుక్కు కింద పోతే నాకంటూ ఏటీ మిగల్దు.

అప్పటికి ఉద్దానంలో మోటారు సూడ్డానికి జనం రోడ్డుకొచ్చీవోరు. తోలీవోడు మా మరిది. మా ఊరి కాణ్ణించి పలాస టేసనుకి జనాన్ని ఏసుకెళ్లీవోడు. కుర్రతనంలో డొంకూరు సేపల పడవలోళ్లతో తిరిగినోడు గదా, వాళ్ల నేమం మోటారుకి కూడా పెట్టేడు.

"ఆడది పడవ మీద కాలెట్టకూడదు, ఇంజను మీద సెయ్యెట్టకూడదు వొదినా" అనీవోడు.

"ఆడోళ్లు డబ్బులిచ్చి ఎక్కితే నేమం ఏటైపోద్ది మరి?" అనీదాన్ని.

విశాపట్నం నుంచి ఇంజనుకి నిప్పందించే కొత్త ప్లగ్గులు తెప్పించడం, వారం తిరక్కుండా మోటారు దగ్గడం. విప్పి సూత్తే మసిబొగ్గులు. "ఇంజను ముసిలైపోనాది" అనీవోడు మరిది. మా ఆయన అరుగు మీద కూకుని, "అమ్మేద్దారి. నందిగాంలో ఒకడు తుక్కు కింద అడుగుతున్నాడు" అనీవోడు.

నాకు మనసొప్పలేదు. ఓ పాలి దగ్గరగా సూసేను. కిందటి సారి తీసి కొట్టంలో గోనెసంచిలో పడేసిన ప్లగ్గుకి పింగాణీ మీద పెచ్చూడి ఉండీది. ఇప్పుడు విప్పినదానికీ అదే పెచ్చు, అదే చోట. అంటే కొత్తవి తీసేసి ఎవుడో పాతవి బిగించేత్తన్నాడు. ఎవుడు? బోనెట్టెత్తీవోడు ఒకడే గదా. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంతారు. రావివలస మల్లన్న పట్టలేకపోతే పోనీ, నేను పడతాననుకున్నాను.

అమావాస్యనాడు మోటారు తియ్యం. ఇద్దరూ పొలం పోనాక బోనెట్టెత్తేను. మరిది సేత్తన్నప్పుడల్లా ఎడంగా నిలబడి సూసినదాన్నే. ముందు తీగలకి రంగు దారాలు కట్టేను, ఒకదాని చోట ఇంకోటి తగిలిత్తే ఇంజను తన్నేత్తాదని. ప్లగ్గుల సుట్టూ ఇసక లోపలికి రాలకుండా గుడ్డతో తుడిసేను. సముద్రపు గాలికి ఉప్పట్టి బిగుసుకుపోనాయి. కిరసనాయిలు సుక్కలేసి, కాసేపాగి, పానా ఎడంవేపు తిప్పితే కదిలినాయి. ఈ పాలి తెప్పించిన కొత్తవాటి మొనల సందులో తాటాకు ముక్క దూర్చి సూసేను, బిగువూ కాదు వొదులూ కాదు. ముందు వేళ్లతోనే తిప్పి కూర్చోబెట్టి, ఆఖర్న పానాతో సిన్న పట్టు పట్టేను. ఇంత పనికా ఇన్నాళ్లూ నేమం సెప్పేడనుకున్నాను.

ఆ తరవాత పచ్చి జీడిపిక్క పెంకు సితగ్గొట్టి, కారిన జీడిని పుల్లతో ప్లగ్గుల మెడకి పూసేను. ఇంజను మసిలో అది కనపడదు. ఒంటికి తగిల్తే ఎలా పొక్కుతాదో మా ఉద్దానంలో పిల్లలకీ తెలుసు. పట్టుకున్నోడి వేళ్లే సెపుతాయి.

దీపాలేళకి అన్నదమ్ములిద్దరికీ వినపడీలా సెప్పేను, కొత్త ప్లగ్గులు నేనే ఏసేనని. మరిది మూతి ముడిసేడు. మా ఆయన కండువా దులుపుకుని అరుగు మీదికెళ్లిపోనాడు.

తెల్లారి మోటారు లేవలేదు. మరిది హేండిలు తిప్పి తిప్పి సెమటలు కక్కేడు. బోనెట్టెత్తితే అన్నీ పాత మసి ప్లగ్గులే. "కొత్తవన్నావు, అసలేసేవా వొదినా?" అని నన్నే అనుమానంగా సూసేడు. నేను ఆడి వేళ్లు సూసేను. శుబ్రంగా ఉన్నాయి. అయినా వదల్లేదు నేను. జీడి తొందరపడదు, మర్నాటికి గాని పొక్కదు.

మర్నాడు మధ్యాన్నం ఇద్దరికీ పక్కపక్కనే ఆకులేసి, పొగలు కక్కుతున్న సేపల పులుసు పోసేను. మరిది గబగబా కలుపుకుని ముద్దెత్తేడు. మా ఆయన సెయ్యి ఒళ్లో పెట్టుకుని కూకున్నాడు.

"తినవేటి మావా?"

"ఆకలి లేదే."

"సెయ్యి సూపించు."

సూపించలేదు. నేనే మణికట్టు పట్టి తీసేను. వేళ్ల నిండా పొక్కులు. కోపం కన్నా ముందు సిగ్గేసింది.

"ఎందుకు?" అన్నాను.

"మోటారొచ్చినకాణ్ణించి ఊరంతా తమ్ముడి కోసరమే ఎదురుసూత్తన్నారు. నేను అరుగు మీద ముసిలోణ్ణైపోనాను" అన్నాడు, ఆకు వేపు సూత్తా. తోట ఊసు ఎత్తలేదు. నా తోట అమ్మి కొన్నదని ఆయనకి గుర్తే రానట్టుంది.

మరిది కలిపిన ముద్ద కిందెట్టేసేడు. అన్న సెయ్యి సూసి, నన్ను సూసి, "నన్నే అనుకున్నావు గదా వొదినా?" అన్నాడు.

"ఔను. ఊళ్లో అందర్నీ అనుకున్నాను. మీ అన్నని తప్ప."

కొత్త ప్లగ్గులు వడ్ల గాదెలో దొరికినాయి. కిరసనాయిల్తో కడిగి, పట్టపగలు, నేనే బిగించేను. మరిది హేండిలు తిప్పేడు, నేమం ఊసెత్తలేదు. మోటారు మొదటి తిప్పుకే లేసింది.

మా ఆయన వేళ్లకి కొబ్బరినూనె రాసింది నేనే. పానా మాత్రం ఆ రోజు నుంచి తాళాల గుత్తితో నా రొంటినే ఉండీది. పడుకునీటప్పుడు తలకింద పెట్టుకునీదాన్ని. ఆయన పక్కనే పడుకునీవోడు.