గిటార్ల బీరువాలో ఊదు పొగ

1960ల్లో, నేను జహీరాబాద్‌కు కాపురానికి వచ్చిన కొత్తలో జరిగిందిది. మా వారి దగ్గర అప్పటికే నాలుగు గిటార్లుండేవి. బొంబాయి లారీల వాళ్లతో ఒక్కొక్కటే తెప్పించుకున్నారు. వాటికోసం వడ్రంగిని ఇంట్లోనే కూర్చోబెట్టి, నెల రోజులు అద్దాల తలుపుల టేకు బీరువా చేయించారు. నా చీరలు మాత్రం మంచం కింద ట్రంకు పెట్టెలో ఉండేవి. నాకు లోలోపల కుళ్లుగానే ఉండేది.

దసరాకు పనిముట్లన్నిటికీ పూజ చేస్తాం కదా! గిటార్లకూ బొట్లు పెట్టాను. ఊదు వేసిన నిప్పుల గిన్నెను బీరువాలో అడుగున ఉంచి, పొగ బాగా పట్టాలని తలుపులు మూసి వంటింట్లోకి వెళ్లాను.

కాసేపటికి "అగ్గి! అగ్గి!" అని వీధిలో కేకలు. మా వారు పరుగున వచ్చి, పొగలు కక్కుతున్న బీరువాను దాటుకుని వంటింట్లో దూరి నా చెయ్యి పట్టుకున్నారు.

"జల్ది బయటికి రా!"

"అయ్యో, మీ గిటార్లు!"

"కాల్తె కాలనియ్! నువ్వు నడువ్!"

బిందెలతో వచ్చిన జనం ముందు నిలబడ్డాక గానీ నాకు వెలగలేదు. "అగ్గి కాదు, నేనే ఊదు పెట్టిన" అన్నాను. అందరూ ఒకటే నవ్వు! నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన మాత్రం నవ్వలేదు, నా చెయ్యీ వదల్లేదు.

మర్నాడే రెండు గిటార్లను గోడకు తగిలించి, బీరువాలో ఆ చోట నా చీరలకు అరలు కొట్టించారు. ఊదు వాసన పట్టిన ఆ చీరలు కట్టుకున్నప్పుడల్లా నాకు ఆ చెయ్యే గుర్తొచ్చేది.