తొందర లేదని చెప్పమన్నాను

2011 నాటి మాట. శంషాబాద్‌లో పాత బెంగుళూరు రోడ్డు మీద, బస్టాండు దాటాక నాకు స్పేర్ పార్టుల దుకాణం ఉండేది. ముందు సిమెంటు అరుగు, లోపల గాజు కౌంటరు, వెనక పైకప్పు దాకా అరలు. ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల అంత పెద్ద దుకాణం ఇంకోటి లేదని చెప్పుకునేవాణ్ణి. నిజానికి మా వీధిలోనే ఇంకో రెండు ఉండేవి. రెండూ నాదానికన్నా పెద్దవే.

పక్కనే యాదగిరి మెకానిక్ షెడ్డు. మంచి పనివాడు. ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పేవాడు. అతనికి కావలసిన పార్టులు నా దగ్గరే కొనేవాడు, నన్ను కాకా అనేవాడు, మధ్యాహ్నం టీ ఇద్దరం పంచుకునేవాళ్లం.

ఈ వ్యాపారం తెలియనివాళ్లకు ఒక సంగతి చెప్పాలి. రిపేరు బిల్లులో రెండు ముక్కలుంటాయి. ఒకటి పార్టు, రెండోది లేబర్, అంటే మెకానిక్ కూలి. పార్టు డబ్బా మీద ధర అచ్చేసి ఉంటుంది. లేబర్ మీద ఏ అచ్చూ ఉండదు. మెకానిక్ నోట్లోంచి ఎంత వస్తే అంత. ఎయిర్‌పోర్టు వచ్చాక ఆ నోటికి కొత్త లెక్క దొరికింది. బండి షెడ్డులోకి రాగానే యాదగిరి బానెట్ దగ్గరికి పోయేవాడు కాదు. వెనక్కి నడిచి డిక్కీ తెరిపించేవాడు. లోపల పెట్టెలుంటే విమానం అందుకోవలసినవాళ్లన్నమాట. పెట్టెలు ఎంత పెద్దవైతే లేబర్ అంత పెద్దది. దీన్ని నేను తప్పని ఎప్పుడూ అనలేదు. నా పార్టు అమ్ముడుపోతోంది, నాకెందుకు?

అనసూయ వచ్చింది ఒక మధ్యాహ్నం. ఎయిర్‌పోర్టు బయట క్యాబులు నిలిపే మైదానంలో, పాత వ్యానులో పొద్దున టిఫిన్లు అమ్మే మనిషి. భర్త కూరగాయలు తోలిన వ్యాను అది. ఆయన పోయాక సీట్లు పీకించి, స్టవ్వు పెట్టించుకుంది. ఆ రోజు ఒక క్యాబ్ డ్రైవరు తాడు కట్టి దాన్ని లాక్కొచ్చాడు. క్లచ్ ప్లేటు పోయింది. ఇంజను బలాన్ని చక్రాలకు అందించే పళ్లెం అది. అరిగిపోతే ఇంజను ఎంత అరిచినా బండి కదలదు.

యాదగిరి అలవాటు ప్రకారం వెనక తలుపు తీశాడు. పెట్టెలు లేవు, ఇడ్లీ గిన్నెలున్నాయి. అతనికి అవీ పెట్టెల్లాగే కనిపించాయి.

"రేపు పొద్దుగాల్ల కల్ల బండి గావాలె తమ్మీ," అంది ఆమె.

ఆ మాటతో ధర ఎక్కడికో పోయింది. ఆ వారమే కందుకూరు రైతొకాయన జీపుకు అదే పని చేశాడు. ఆయన బండి వదిలేసి, విత్తనాలు కొనుక్కుని సాయంత్రం వస్తానని పోయాడు. ఆయన ఇచ్చిన లేబర్‌కు ఇది రెట్టింపు.

అనసూయ నా కౌంటరు దగ్గరికి వచ్చి క్లచ్ ప్లేటు ఎంతని అడిగింది. డబ్బా తిప్పి, అచ్చు చూపించాను.

"పార్టు గింతే అయితే, మిగిలిందంత దేనికన్నా?"

"లేబర్‌కు."

"గంత లేబరా? బండి మొత్తం విప్పి కడ్తడా ఏంది?"

"బండికి కాదు. నీ తొందరకు," అన్నాను.

అప్పుడు నేను షెడ్డులోకి దూసుకుపోయి, పానా నేలకేసి కొట్టి, నలుగురిలో యాదగిరిని నిలదీశాను. ఈ ముక్క చాలామందికి చెప్పాను, చాలామంది నమ్మారు. కానీ నా దుకాణం నడిచేది మెకానిక్‌ల మీద. యాదగిరి మొహం తిప్పుకుంటే నా గల్లా సగం ఖాళీ. అందుకని, అతను బయటికి పోయేదాకా ఆగి, కౌంటరు మీదికి వంగి మెల్లగా చెప్పాను, తొందర లేదని చెప్పమని.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నానవోసిన పప్పు నీ దుకాణంల వోయాల్నా? ఒక్కదినం కనవడకపోతే డ్రైవర్లు ఇంకో బండికి మరుగుతరు. మళ్ల నా కాడికి రారు. అటెనుక బండి బాగైతే ఏంది, కాకపోతే ఏంది?"

అది నిజం. ఆమెకు ఉన్నదల్లా ఆ గిరాకీ ఒక్కటే. నాకు ఏం తోచిందో, "నా అరుగు పది దాక ఖాలీగనే ఉంటది," అన్నాను. ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి వచ్చే డ్రైవరు ఎట్లాగూ ఈ రోడ్డెక్కాల్సిందే కదా అని కూడా అన్నాను. ఆమె కాసేపు అరుగు కొలత చూసింది. తర్వాత తాడు విప్పుతున్న డ్రైవరును పిలిచి, రేపు టిఫిన్ ఇక్కడని అందరికీ ఫోన్లు కొట్టమంది.

యాదగిరి తిరిగి రాగానే, "ఉండనియ్ తమ్మీ, నాకేం తొందర లేదు. రేటు జర దిగినంక చెయ్యి," అని చెప్పి ఆటో ఎక్కింది. అతను నా దిక్కు చూశాడు. నేను ఫ్యాన్ బెల్టులు సర్దుతున్నాను.

మర్నాడు పొద్దున నా అరుగు మీద స్టవ్వు వెలిగింది. రెండు వందల మంది డ్రైవర్లు వచ్చారు, బస్టాండు దాకా క్యాబులు, ట్రాఫిక్ ఆపడానికి పోలీసు వచ్చాడు. సరే, డజను మంది వచ్చారు. పోలీసు వచ్చింది ఉప్మా తినడానికి. కానీ ఆ తర్వాతి రోజు నుంచి నిజంగానే పెరిగారు. క్యాబులన్నీ షెడ్డు ముందు నిలిచాయి. యాదగిరి గిరాకీ లోపలికి పోవడానికి దారి లేదు. పైగా అనసూయ వ్యాను షెడ్డు నోట్లో అడ్డంగా ఉంది.

అసలు దెబ్బ అది కాదు. ప్లేట్లు పట్టుకుని నిలబడ్డ డ్రైవర్లు ఊరికే ఉంటారా? బ్రేకులకు నీ దగ్గర ఎంత తీసుకున్నాడని ఒకడు, నా దగ్గర అందులో సగమేనని ఇంకొకడు. "నువ్వు పాసింజర్ను కూసోవెట్టుకొని పోయినవ్, నేను ఖాలీ బండితోని పోయిన, గదే ఫరక్," అని ఒకడు విడమరిచి చెప్పాడు. అందరూ నవ్వారు. ఎవరిచ్చిన లేబర్ వాళ్ల దగ్గరే గుట్టుగా ఉన్నంతకాలమే ఆ లెక్క నడుస్తుంది. కారు కింద పడుకున్న యాదగిరికి ప్రతి మాటా వినిపించింది.

ఆ పొద్దుల సంగతి ఎట్లా రాయాలో తెలియడం లేదు. నా భార్య పోయి అప్పటికి కొన్నేళ్లు. షట్టరు తీస్తే గ్రీజు వాసన, మూస్తే గ్రీజు వాసన, అంతే నా దినం. ఆ రోజుల్లో షట్టరు ఎత్తేసరికి కరివేపాకు పోపు వాసన లోపలికొచ్చి అరల మధ్య తిరిగేది. ఇడ్లీ ఆవిరికి గాజు కౌంటరు మసకబారేది. ఫ్యాన్ బెల్టులు వేలాడే మేకుకు ఆమె తన సంచి తగిలించేది. గిరాకీ తగ్గాక లోపలికొచ్చి ఒక్కో డబ్బా చూపించి అడిగేది.

"గిదేందన్నా?"

"ఆయిల్ సీల్. లోపటి నూనె బయటికి కారకుండ పట్టుకుంటది."

"మంచిగుంది. మా పెద్దాడబిడ్డ నోటికొకటి ఇయ్యి," అంది. నేను నవ్వి నవ్వి కౌంటరు మీద చేయి ఆనించుకున్నాను. ఆమెకు కావాలంటే దుకాణంలోని ప్రతి పార్టు పేరూ చెప్పేవాణ్ణి. వంద సార్లు అడిగింది. కాదు, నాలుగైదు సార్లే అడిగింది. మిగిలినవి ఆమె అడగకుండానే నేను చెప్పాను.

చివరికి ఒక పొద్దున యాదగిరి చేతులు తుడుచుకుంటూ అరుగెక్కాడు. ఇడ్లీ పెట్టించుకుని, తిన్నాక, నన్నే అడిగాడు.

"కాకా, ఇగ చెప్పు. అక్కకు ఎంత ఎయ్యాలె?"

"అందరికి ఎంతో గంతే. కందుకూరు జీపుకు ఎంత తీసుకున్నవో గంత."

అతను ఖాళీ ప్లేటు అరుగు మీద పెట్టాడు. డ్రైవర్లు తినడం ఆపారు. "సరే. గదే రేటు," అన్నాడు. "క్లచ్ ప్లేటియ్యి, పగటీలి కల్ల ఎక్కిస్త."

గెలిచాం. అనసూయ మొహం వెలిగింది. నేను వెనక్కి తిరిగి అరలు చూసి, "ప్లేటు అయిపోయింది. రేపు తెప్పిస్త," అన్నాను.

యాదగిరి తలెత్తాడు. ఆ డబ్బా నా తల వెనకే, పై అరలో, పేరు ఇటు తిరిగే ఉంది. డిక్కీలో పెట్టెలు వెతికే కన్ను అతనిది. డబ్బాను చూశాడు, మేకుకున్న సంచిని చూశాడు, నన్ను చూశాడు.

"రేపే తెప్పియ్యి కాకా. తొందరేం లేదు," అన్నాడు. ఆ డబ్బా సంగతి అతను ఇప్పటిదాకా ఎవరితోనూ అనలేదు, నాతో కూడా.

మరో పొద్దు దొరికింది. ఆ మరుసటి రోజు వ్యాను కదిలింది. ఆమె స్టవ్వు ఎక్కించి, అరుగు కడిగి, మేకు మీది సంచి తీసుకుని మైదానానికి పోయింది. డ్రైవర్లు ఒక్కరు కూడా తగ్గలేదు. షెడ్డు గోడ మీద యాదగిరి లేబర్ రేట్లు రాయించాడు. అది నావల్లే అని ఊరంతా చెప్పాను. ఈ ఒక్కటి మటుకు నిజమే.

నేను అప్పుడప్పుడు మైదానానికి పోయి టిఫిన్ తినేవాణ్ణి. అందరితో పాటే ప్లేటు, అందరికెన్నో అన్నే ఇడ్లీలు, చట్నీ అదే గరిటెతో. డబ్బులు కూడా అంతే తీసుకునేది. ఒకసారి నేను నోటిచ్చి చిల్లర వద్దంటే, "అందరికి ఒకటే రేటని నువ్వే అంటివి గదన్నా," అని చిల్లర నా అరచేతిలో పెట్టింది. ఒక్క ఇడ్లీ ఎక్కువ వేసి అన్యాయం చేస్తే బాగుండేది.

2014లో ఆమె వ్యాను అమ్మేసి, కొత్తూరులో ఫ్యాక్టరీల దగ్గర చిన్న హోటలు పెట్టుకుంది. నేనూ దుకాణం వదిలేశాను.

ఆ వ్యవహారం నేర్పింది ఏమిటంటే, షెడ్డుకు పోయినప్పుడు లేబర్ ముందే అడగండి, పక్కవాడు ఎంత ఇచ్చాడో కనుక్కోండి, అన్నిటికన్నా ముందు మీ తొందర పైకి కనిపించనీయకండి. అవతలివాడికి అది తెలిస్తే ఎంతైనా ఇచ్చుకోవాల్సిందే.

నెలకోసారి బస్సెక్కి కొత్తూరు పోతాను. అన్నీ పెంచి చెప్పే నేను ఇక్కడ తగ్గించాను. వారానికోసారి పోతాను. ఆమె పొయ్యి దగ్గర నుంచి చూసి, ఏం పని మీద వచ్చినవని అడుగుతుంది. బ్యాంకు పని అంటాను. ప్రతిసారీ బ్యాంకే.

"తొందరున్నదా అన్నా? వాయ దిగనీకె జర సేపయితది."

"తొందరేం లేదు," అంటాను.